కాడ్మియం, సీసం ఉన్న మట్టిలో ఆకుకూరలు: బయోచార్ ఎంత వెయ్యాలి, ఎంత తగ్గుతుంది?

ఎర్రనేల (ప్రశ్న):

ఫ్యాక్టరీల మురుగు కలిసిన కాలువ నీటితో ఏళ్ల తరబడి తడిసిన నేల గురించి అడుగుతున్నాను. ఇప్పుడు బోరు నీళ్లే వాడకం. పైన 15 సెంటీమీటర్ల మట్టి పరీక్షలో కిలోకు కాడ్మియం 2.8 మి.గ్రా., సీసం 180 మి.గ్రా. వచ్చాయి. పీహెచ్ 5.6. మట్టి ఇసుక పాలు ఎక్కువున్న గరప. పాలకూర ఆకును కూడా పరీక్షకు పంపితే కాడ్మియం కిలోకు 4.5 మి.గ్రా. అని ఇచ్చారు. ఆకుకూరలకు పరిమితి 0.2 అని చదివాను. అంటే ఇరవై రెట్ల పైనా?

బయోచార్ (గాలి సరిగ్గా తగలకుండా కాల్చి, నేలలో వేసే బొగ్గు) భారలోహాలను పట్టి ఉంచుతుందని అంతటా రాస్తున్నారు. ఏ బొగ్గు మంచిది, చదరపు మీటరుకు ఎంత వెయ్యాలి, ఒకసారి వేస్తే ఎన్నాళ్లు పనిచేస్తుంది? ఎకరం మొత్తం చెయ్యడం సాధ్యమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మట్టిలోతు:

ముందు ఆ 4.5 సంగతి చూద్దామండి. ల్యాబులు ఆకును ఎండబెట్టి, పొడి చేసి కొలుస్తాయి. రిపోర్టులో 'పొడి బరువు' అని చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. మీరు చదివిన 0.2 కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి, అది మాత్రం పచ్చి ఆకు బరువు మీద. పాలకూరలో 90 శాతం దాకా నీళ్లే కాబట్టి పొడి బరువు మీద 4.5 అంటే పచ్చి బరువు మీద సుమారు 0.45. ఇరవై రెట్లు కాదు, రెండు రెట్లకు పైన. ల్యాబుకు ఫోన్ చేసి ఏ బరువు మీద ఇచ్చారో అడిగి ఖాయం చేసుకోండి. పచ్చి బరువు మీదే 4.5 అయితే ఆ నేలలో ఆకుకూర ఆలోచనే మానుకోవాలి.

ఇక అసలు విషయం. బయోచార్ మట్టిలోంచి కాడ్మియాన్ని తీసెయ్యదు. మొత్తం 2.8 అలాగే ఉంటుంది. వేరు దగ్గరి నీటిలో కరిగి ఉన్న భాగం మాత్రమే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, చాలా ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన లెక్కల్లో మొక్కలోకి వెళ్లే కాడ్మియం, సీసం సగటున 40 శాతానికి దగ్గరగా తగ్గాయి. కొన్ని చోట్ల 80 శాతం, కొన్ని చోట్ల ఏమీ లేదు. మీ 0.45లో 40 శాతం తీసేస్తే 0.27. ఇంకా పరిమితి పైనే ఉన్నారు. అందుకే బయోచార్ ఒక్కదాని మీదే భారం వేస్తే మీ పని జరగదు. పీహెచ్ సరిచెయ్యడం, పంట మార్చడం, బయోచార్, ఈ మూడూ కలిపి ఆలోచించండి.

మూడింటిలో మొదటిది పీహెచ్చే. 5.6 దగ్గర కాడ్మియం చాలా తేలిగ్గా కదులుతుంది. 6.5 నుంచి 7 మధ్యకు తెస్తే కరిగి ఉన్న కాడ్మియం అనేక రెట్లు పడిపోతుంది. ఆమ్ల నేలల్లో బయోచార్ చేసే మేలులో పెద్ద భాగం దాని బూడిదలోని క్షారమే. అదే పని వ్యవసాయ సున్నం ఇంకా చవగ్గా చేస్తుంది. కలప బొగ్గులో సున్నం విలువ 5 శాతం అనుకుంటే, హెక్టారుకు 20 టన్నుల బొగ్గు వేసినా అది 1 టన్ను సున్నంతో సమానం. నేల పీహెచ్ ముందే 8 ఉన్నవాళ్లకు ఈ లాభం దాదాపు ఉండదు. వాళ్లు సంచుల కొద్దీ బొగ్గు కుమ్మరించి ఫలితం కనబడక నిరాశపడడానికి కారణం ఇదే.

మీ మట్టికి ఎంత కావాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మట్టిని ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. 100 గ్రాముల చొప్పున ఏడు సీసాల్లో పొయ్యండి. ఒకటి ఖాళీగా వదలండి. మూడింటిలో మెత్తటి సున్నపురాయి పొడి 0.1, 0.2, 0.4 గ్రాములు, మిగతా మూడింటిలో బయోచార్ 1, 2, 4 గ్రాములు కలపండి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, అంత తడి చాలు. మూత వదులుగా పెట్టి మూడు వారాలు నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. తర్వాత 1 వంతు మట్టికి 2.5 వంతుల స్వేదనజలం కలిపి, అరగంట ఆగి పీహెచ్ చూడండి. 100 గ్రాములకు 0.2 గ్రాముల సున్నం అంటే 15 సెంటీమీటర్ల లోతుకు హెక్టారుకు సుమారు 4 టన్నులు, ఎకరానికి 1.6 టన్నులు. ఏ సీసా 6.5 దాటిందో మీ మోతాదు అదే. ఖర్చు పెట్టే ముందు ఈ ఒక్క పని తప్పకుండా చెయ్యండి.

7 దాటించకండి. దాటితే ఇనుము, జింకు అందక ఆకులు పాలిపోతాయి. జింకు తక్కువైన మొక్క కాడ్మియాన్ని మరింతగా లాగుతుంది, రెండూ చాలావరకు ఒకే దారిన లోపలికి వెళ్తాయి కాబట్టి.

బొగ్గుసెగ:

ఏ బొగ్గు, ఎంత అన్నదానికి నేను చెబుతాను.

15 సెంటీమీటర్ల లోతు మట్టి చదరపు మీటరుకు సుమారు 195 కిలోలు ఉంటుంది. 1 శాతం అంటే 2 కిలోలు, 2 శాతం అంటే 4 కిలోలు, పొడి బరువు మీద. కాడ్మియం కోసం 2 శాతం దగ్గర మొదలుపెట్టండి. 1 శాతం కన్నా తక్కువ వేస్తే తేడా కొలతల్లో చిక్కదు. 5 శాతం దాటితే నత్రజని, భాస్వరం కొరత, ఉప్పు లాంటి కొత్త తలనొప్పులు మొదలవుతాయి.

ఎకరానికి 2 శాతం అంటే 16 టన్నుల బొగ్గు. ఎండు కట్టెలో నాలుగో వంతు, అయిదో వంతు మాత్రమే బొగ్గుగా మిగులుతుంది. అంటే 64 నుంచి 80 టన్నుల ఎండు కట్టె కాల్చాలి. ఎకరం మొత్తం చెయ్యడం సాధ్యమా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: సొంత బట్టీతో కాదు. ఎకరానికి సున్నం వెయ్యండి, ఆకుకూరల మడులకు మాత్రం బయోచార్ వెయ్యండి. నడిచే దారుల్లో వెయ్యక్కర్లేదు. పొదుపు కోసం చాళ్లలోనో, మొక్క మొదట్లో గుప్పెడో వేస్తామంటే ఈ పనికి కుదరదు. ఎరువైతే వేరు వెతుక్కుంటూ వస్తుంది. లోహం విషయంలో బొగ్గు కలవని మట్టిలోకి వేరు దాటగానే మళ్లీ కాడ్మియమే తాగుతుంది. వేరు తిరిగే లోతంతా సమంగా కలవాలి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రోటావేటర్ తిప్పండి.

ముడిసరుకు విషయంలో చాలా జాగ్రత్త. రంగు వేసిన కట్టెలో సీసం ఉండొచ్చు. చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కలపలో క్రోమియం, రాగి, ఆర్సెనిక్ ఉంటాయి. మురుగుశుద్ధి బురదలో అన్నీ ఉంటాయి. కాల్చినప్పుడు బరువు నాలుగో వంతుకు తగ్గి, ఎగిరిపోని లోహం అంతా అందులోనే మిగిలితే గాఢత నాలుగు రెట్లు అవుతుంది. ఆ కలుషిత నేలలోనే పెరిగిన కంప, చొప్ప కూడా వద్దు. కొంటే లోహాల పరీక్ష కాగితం అడగండి. ఐరోపా బయోచార్ ధ్రువీకరణలో సాగుకు వాడే రకానికి కాడ్మియం కిలోకు 1.5 మి.గ్రా. మించకూడదు. హైడ్రోజన్, కార్బన్ నిష్పత్తి 0.7 లోపు ఉంటే బాగా కాలినట్టు.

సొంతంగా చేసుకునేవాళ్లకు శంకువు ఆకారపు గొయ్యి చాలు. మూతి మీటరున్నర, లోతు ముప్పావు మీటరు. అడుగున సన్నని ఎండు పుల్లలు పేర్చి పై నుంచి అంటించాలి. పుల్లల మీద తెల్లటి బూడిద పొర కనబడగానే పైన మరో పలచని వరస వెయ్యాలి. పైన మంట ఉన్నంతసేపూ గాలిలోని ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది కాబట్టి కింద బొగ్గు బూడిద కాకుండా నిలుస్తుంది. పొగ వస్తోందంటే కట్టె పచ్చిదైనా అయి ఉండాలి, వరస మందమైనా అయి ఉండాలి. ఆగి, మంట పుంజుకున్నాక వెయ్యండి. మణికట్టు కన్నా లావు కట్టె వద్దు, లోపల పచ్చిగా మిగులుతుంది. గొయ్యి నిండాక నీళ్లతో పూర్తిగా ఆర్పి, మర్నాడు కలియతిప్పి మళ్లీ తడపండి. లోపల ఒక్క నిప్పు కణిక మిగిలినా కుప్పంతా రాజుకుంటుంది.

తడిగా ఉండగానే దంచి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. పొడి బొగ్గు దంచితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు లేకుండా చెయ్యొద్దు. పెద్ద ముక్కలుగా వేస్తే లోపలి రంధ్రాల దాకా లోహం చేరడానికి చాలాకాలం పడుతుంది. మొదటి పంటకు లాభం కనబడకపోవడానికి చాలాసార్లు ముక్కల సైజే కారణం.

తర్వాత కంపోస్టుతో సగం సగం కలిపి, తడిపి, మూడు నాలుగు వారాలు మాగనివ్వండి. పచ్చి బొగ్గు నేరుగా వేస్తే మొదటి నెలలో నత్రజనిని పట్టేసి మొక్క పసుపెక్కుతుంది. కంపోస్టులో కూడా లోహాలు ఉండొచ్చు, ఊరి చెత్తతో చేసినదైతే పరీక్ష లేకుండా వాడకండి. విత్తడానికి కనీసం మూడు వారాల ముందు మట్టిలో కలపండి.

సీసం కూడా ఎక్కువుంది కాబట్టి ఒక మాట. పేడ, కోళ్ల ఎరువు కాల్చిన బొగ్గులో భాస్వరం ఎక్కువ. అది సీసంతో కలిసి కరగని సీసపు ఫాస్ఫేటు ఖనిజంగా మారుతుంది. కలప బొగ్గులో మూడో వంతు ఇలాంటిది కలిపితే సీసానికి మెరుగ్గా ఉంటుంది. కానీ ఉప్పు చూసుకోవాలి. 1 వంతు బొగ్గుకు 10 వంతుల నీళ్లు కలిపి ఈసీ (ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత) కొలవండి. ఎక్కువుంటే లేత మొలకలు మాడతాయి.

వరిమడి:

బొగ్గుసెగ గారూ, మీరు చెప్పినవి కాడ్మియం, సీసం వరకేనా? మా నేలలో ఆర్సెనిక్ ఉంది, పంట వరి. అదే మోతాదులో వెయ్యొచ్చా?

మట్టిలోతు:

వద్దండి. ఆర్సెనిక్ దారి వేరు. కాడ్మియం, సీసం, జింకు, నికెల్ నీటిలో ధనావేశంతో ఉంటాయి. పీహెచ్ పెరిగితే మట్టి, బొగ్గు వాటిని గట్టిగా పట్టుకుంటాయి. ఆర్సెనిక్ ఆక్సిజన్‌తో కలిసి ఋణావేశపు రూపంలోనో, ఆవేశం లేకుండానో ఉంటుంది. పీహెచ్ పెంచితే అది వదులవుతుంది. బొగ్గులోని ఫాస్ఫేటు కూడా మట్టి కణాల మీదున్న ఆర్సెనేటును తోసేసి ఆ చోటు తనే తీసుకుంటుంది. సీసానికి మందైన కోళ్ల ఎరువు బొగ్గే ఆర్సెనిక్ నేలలో హాని చేస్తుంది. ఏ లోహం ఉందో తెలియకుండా బయోచార్ వెయ్యొద్దని పదేపదే చెప్పేది ఇందుకే.

వరిలో నీళ్లు ఇంకో చిక్కు. మడిలో నీళ్లు నిలిస్తే ఆక్సిజన్ లేక ఇనుపు ఆక్సైడ్లు కరిగి, అవి పట్టుకున్న ఆర్సెనిక్ ఆర్సెనైటుగా బయటికొస్తుంది. వరి వేరు దాన్ని సిలికా అనుకుని అదే ద్వారం గుండా లోపలికి తీసుకుంటుంది. అదే నిలవ నీటిలో కాడ్మియం మాత్రం సల్ఫైడుగా మారి కదలకుండా కూర్చుంటుంది. నీళ్లు తీసేస్తే ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం లేస్తుంది. కాడ్మియం మాత్రమే ఉన్నవాళ్లు వెన్ను తీసే దశకు మూడు వారాల ముందు నుంచి, తీశాక మూడు వారాల దాకా మడి ఆరనివ్వకూడదు. గింజలోకి చేరే కాడ్మియంలో ఎక్కువ భాగం ఆ రోజుల్లోనే నిర్ణయమవుతుంది. ఆర్సెనిక్ మాత్రమే ఉంటే తడిపి ఆరబెట్టే పద్ధతి మంచిది. రెండూ ఉంటే నీళ్ల పద్ధతి ఒక్కదానితో గట్టెక్కలేరు, ఆ నేలలో వరి మానేసే ఆలోచన కూడా చెయ్యాలి.

మీకు వరి ఊక బొగ్గు కొంత పనికొస్తుంది. అందులోని సిలికా కరిగి ఆర్సెనైటుతో పోటీ పడుతుంది. ఎక్కువ వేడికి కాల్చి తెల్లబడిన ఊకలో సిలికా స్ఫటికంగా మారి కరగదు, నల్లగా ఉన్నదే కావాలి. అయినా నేరుగా మడిలో వెయ్యకండి. బకెట్లలో మీ మట్టితోనే, నీళ్లు నిలగట్టి, బొగ్గు ఉన్నది లేనిది పక్కపక్కన పెంచి, గింజలో ఆర్సెనిక్ చూపించుకోండి. పాలిష్ పట్టిన బియ్యానికి కోడెక్స్ పరిమితులు నిరింద్రియ ఆర్సెనిక్ 0.2, కాడ్మియం 0.4 మి.గ్రా. కిలోకు. ఆర్సెనిక్‌ను మొత్తంగా కాకుండా నిరింద్రియ రూపంలో విడిగా కొలవమని అడగాలి.

ఇనుము పట్టించిన బయోచార్ గురించి కూడా చదివి ఉంటారు. మెట్ట పంటలో అది ఆర్సెనిక్‌ను బాగా పడుతుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆ ఇనుమే కరిగే అవకాశం ఉంది కాబట్టి దాన్ని నమ్ముకుని వరి వెయ్యొద్దు.

బొగ్గుసెగ:

దీనికి రెండు చేర్పులు. తోళ్ల శుద్ధి మురుగు వల్ల వచ్చే ఆరు సంయోజకతల క్రోమియం కూడా ఋణావేశంతోనే ఉంటుంది. కానీ బయోచార్ దాన్ని తక్కువ విషమున్న మూడు సంయోజకతల రూపానికి మారుస్తుంది, అక్కడ మేలే. రాగి విషయంలో మొదటి నెలలు జాగ్రత్త. కొత్త బొగ్గు, కంపోస్టుల నుంచి కరిగే సేంద్రియ పదార్థం రాగిని పట్టుకుని నీటిలోనే తిప్పుతుంది.

ఎర్రనేల:

చాలా కృతజ్ఞతలండి. ఆకు పరీక్ష పొడి బరువు మీదే చేశారట, ల్యాబు వాళ్లు చెప్పారు. అదే ల్యాబు డీటీపీఏ పరీక్షతో 'మొక్కకు అందే కాడ్మియం' కొలుస్తానంటోంది. బొగ్గు వెయ్యకముందు, వేశాక అది చేయిస్తే సరిపోతుందా? సీసం గురించి కూడా చెప్పండి, ఆకులో 0.5 వచ్చింది, పచ్చి బరువుకు మార్చాకే.

గాజుగొట్టం:

డీటీపీఏ మీద ఆధారపడకండి. ఆ ద్రావణాన్ని పీహెచ్ 7.3 దగ్గర కదలకుండా కట్టేసి తయారుచేస్తారు. మట్టి 5.6 ఉన్నా 6.8 ఉన్నా గొట్టంలో పీహెచ్ 7.3 దరిదాపుల్లోకే వచ్చేస్తుంది. మీరు చేసిన మేలులో పెద్ద భాగం పీహెచ్ మార్పే అయినప్పుడు అది ఈ పరీక్షలో దాక్కుంటుంది. పైగా డీటీపీఏ బలమైన పట్టుకారు లాంటిది, బొగ్గు పట్టుకున్న దాన్ని కూడా కొంత లాగేస్తుంది. 'ఏమీ తగ్గలేదు' అని రిపోర్టు రావచ్చు, ఆకులో మాత్రం తగ్గి ఉండొచ్చు. 0.01 మోలార్ కాల్షియం క్లోరైడుతో తీయమని అడగండి. 1 వంతు మట్టికి 10 వంతుల ద్రావణం, రెండు గంటలు ఊపాలి. ఇది మట్టి పీహెచ్‌ను పెద్దగా మార్చదు, వేరు చుట్టూ ఉండే నీటికి దగ్గరగా ఉంటుంది. అంకెలు చాలా చిన్నవి వస్తాయి కాబట్టి ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే యంత్రం) ఉన్న చోటే ఇవ్వండి.

సీసం. ఆకులో కనబడే సీసంలో చాలా భాగం వేరు నుంచి రాదు, ఆకు మీద పడిన మట్టి నుంచి వస్తుంది. లెక్క చూడండి. మీ మట్టిలో కిలోకు 180 మి.గ్రా. ఉంది. కిలో ఆకుకు 1 గ్రాము మట్టి అంటుకుంటే చాలు, 0.18 మి.గ్రా. సీసం చేరినట్టే. ఆకుకూరలకు కోడెక్స్ పరిమితి 0.3. కంటికి ఆనని ఆ ఒక్క గ్రాము పరిమితిలో సగానికి పైన తినేస్తుంది. దీన్ని బయోచార్ ఏమీ చెయ్యలేదు. శుభ్రమైన గడ్డితో మల్చింగ్ చెయ్యండి, స్ప్రింక్లర్ తీసేసి డ్రిప్ పెట్టండి, నేలకు ఆనిన కింది ఆకులు వదిలేసి కొయ్యండి. కాడలు విడదీసి మూడు నీళ్లలో కడగండి. కడిగిన ఆకు, కడగని ఆకు రెండూ పరీక్షకు పంపితే ఎంత మట్టిదో, ఎంత మొక్కదో తేలిపోతుంది.

నీళ్లూ చూపించుకోండి. సాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మి.గ్రా. మించకూడదని ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సిఫారసు. ఆ హద్దు దగ్గరున్న నీళ్లను కూడా ఏడాదికి 1000 మిల్లీమీటర్ల తడి లెక్కన పెడితే హెక్టారుకు 100 గ్రాముల కాడ్మియం వచ్చి పడుతుంది. కిలో మట్టికి ఏటా 0.05 మి.గ్రా. అన్నమాట. కాలువ మళ్లీ తెరిస్తే బొగ్గుకు పట్టే చోటు నిండిపోతుంది. బోరు నీటిలో క్లోరైడు ఎంతో కూడా తెలుసుకోండి. ఉప్పు నీళ్లలో క్లోరైడు కాడ్మియంతో జట్టు కట్టి దాన్ని మట్టి నుంచి విడిపిస్తుంది, పీహెచ్ సరిగ్గా ఉన్నా ఆకులో పెరుగుతుంది. అందుకే పొటాష్ కూడా మ్యూరేట్‌గా (అంటే క్లోరైడు రూపంలో) కాకుండా సల్ఫేటు రూపంలో వేస్తే మంచిది.

మట్టిలోతు:

ఎన్నాళ్లు పనిచేస్తుందన్న ప్రశ్న మిగిలిపోయింది. బొగ్గు దశాబ్దాలు ఉంటుంది కానీ దాని క్షారం ఉండదు. యూరియా, అమ్మోనియం సల్ఫేటు వేసిన ప్రతిసారీ నేల కాస్త కాస్త పులుపెక్కుతుంది. మొదటి రెండేళ్లు బాగున్నది మూడో ఏడు ఆకులో మళ్లీ పెరిగితే ముందు పీహెచ్ చూడండి. 6.3 కన్నా దిగితే బొగ్గు కాదు, సున్నం వెయ్యండి. ఏటా ఒకసారి, అదే నెలలో, అదే లోతులో నమూనా తియ్యండి. నత్రజనిని నైట్రేటు రూపంలో ఇవ్వగలిగితే ఈ దిగుడు నెమ్మదిస్తుంది.

పంట సంగతి. పాలకూర, లెట్యూస్ కాడ్మియాన్ని బాగా లాగే మొక్కలు. క్యారెట్, ముల్లంగి లాంటి దుంపలకు పరిమితి ఇంకా తక్కువ, 0.1. అవి మట్టిలోనే కూర్చుంటాయి కూడా. టమాటా, బీర, సొర, చిక్కుడు, మొక్కజొన్నల్లో కాయలోకి, గింజలోకి చేరేది చాలా తక్కువ. వంకాయను మాత్రం ఈ జాబితాలో కలపకండి, అది మిగతా కాయకూరల కన్నా ఎక్కువ తీసుకుంటుంది. మీ అంకెలకు నేనైతే ఎకరమంతా సున్నం వేసి కాయకూరలకు మారమంటాను. రెండు మడుల్లో మాత్రం పాలకూర పెట్టండి, ఒకదానిలో సున్నం మాత్రమే, ఇంకోదానిలో సున్నం మీద 2 శాతం బయోచార్. రెండింట్లోనూ ఒకే విత్తనం, ఒకే రోజు, ఒకే ఎరువు. అలా పెడితేనే బొగ్గు ఏం చేసిందో, సున్నం ఏం చేసిందో విడిగా తెలుస్తుంది.

కోతప్పుడు ఒక్కో మడి నుంచి అంచులు వదిలి కనీసం పది మొక్కల ఆకు కలిపి ఒక నమూనా చెయ్యండి, అలాంటివి మూడు. కుళాయి నీటితో కడిగి, చివర స్వేదనజలంతో తొలిచి, పచ్చి బరువు తూచి రాసుకున్నాకే ఎండబెట్టండి. ఆ పచ్చి బరువు రాయకపోతే మళ్లీ పొడి, పచ్చి గందరగోళమే. మూడు నమూనాలూ 0.2 లోపు వచ్చేదాకా ఆ మడి ఆకు ఎవరికీ పెట్టకండి, పశువులకు కూడా. కాడ్మియం మూత్రపిండాల్లో చేరితే పదేళ్లు, ఇరవై ఏళ్లు కదలదు.

ఎర్రనేల:

ఏడు సీసాలూ ఈ వారమే పెడతాను. కాల్షియం క్లోరైడు పరీక్ష చేసే ల్యాబు కోసం వెతుకుతున్నాను. ఒకటి అడగాలి: సున్నం, బయోచార్ ఒకేసారి వెయ్యొచ్చా, ఎడం ఉండాలా?

బొగ్గుసెగ:

ఒకేసారి వెయ్యొచ్చు, ఒకే దున్నకంలో కలపండి. అమ్మోనియం ఉన్న ఎరువును మాత్రం వాటితో పాటు వెయ్యకండి, క్షారం తగిలి నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత వెయ్యండి. సీసాల్లో బయోచార్‌కు మోతాదు తేలాక సున్నం లెక్కలోంచి ఆ మేరకు తగ్గించుకోవడం మర్చిపోకండి, లేకపోతే 7 దాటేస్తారు.